ఐదు వేళ్ళ తప్పు

ఎనభైల్లో నేను వాలీబాల్ ఆడి నెల జీతం తీసుకున్నాను. ఈ మాట చెబితే మా పిల్లలే నమ్మరు. నా పొట్ట వంక చూసి, నేను మోకాలు పట్టుకుని మెట్లెక్కే తీరు చూసి, "నువ్వా నాన్నా?" అంటారు. నేనే. నూజివీడులో ఒక మామిడి షావుకారు గారు ఆరుగురు ఆటగాళ్ళను జీతానికి పెట్టుకున్నారు. ఆట మీద మోజుతో కాదు. చింతలపూడిలో ఆయనకు పోటీ వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఆయన లారీ కొంటే ఈయనా కొన్నారు. ఆయన గోడౌనుకు సున్నం కొట్టిస్తే ఈయన రంగులు వేయించారు. తర్వాత ఆయన వాలీబాల్ జట్టును పెట్టాడు. ఇంక ఈయనకు నిద్ర ఎలా పడుతుంది?

హాజరు పుస్తకంలో మా ఆరుగురినీ కాయలు ఏరే కూలీలుగా రాసుకున్నారు. మేం ఒక్క కాయ ఏరిన పాపాన పోలేదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ప్యాకింగ్ షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఆడటమే మా ఉద్యోగం. అంతకుముందు మూడు సీజన్లు అదే షెడ్డులో నేను బుట్టలు మోశాను. కాయలు నింపిన బుట్ట తల మీద పెట్టుకుని లారీ మీదికి వేసిన చెక్క మీద నడవాలి. సాయంత్రానికి మెడ భుజాల్లోకి దిగిపోయినట్టుండేది. మా అమ్మ నన్ను గుమ్మం పక్కన నిలబెట్టి, ఎత్తు తగ్గానేమోనని నిజంగానే చూసేది. అందుకని జట్టులో చోటంటే నాకు ప్రాణం. ఆ చోటు పోతే మళ్ళీ బుట్టే.

నేను లిఫ్టర్ని. వల పక్కన నిలబడి బంతిని మెత్తగా పైకి లేపి ఇస్తాను. దాన్ని ఎగిరి అవతలికి బాదేవాడు స్మాషర్. మా స్మాషర్ చాట్రాయి నుంచి వచ్చాడు. ఆరడుగులు దాటిన మనిషి, మాట మాత్రం పొదుపు. ఇద్దరం షెడ్డు చివరి గదిలో ఖాళీ బుట్టల మధ్య చాపలు పరుచుకుని ఉండేవాళ్ళం. నా చొక్కాలు కూడా వాడే ఉతికేసేవాడు. ఎందుకురా అంటే, "ఎట్టాగూ నాయి ఉతుకుతున్నాగా" అనేవాడు. అలాంటి మనిషి. వాడంటే నాకు ఇష్టమే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే మీరు నమ్మరు.

గొడవంతా కోడిగుడ్డు దగ్గర మొదలైంది. బంతిని కొట్టేవాడికి బలం కావాలని షావుకారు గారికి ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి స్మాషర్‌కు పూటకు రెండు గుడ్లు, మిగతావాళ్ళకు ఒకటి. లేపేవాడికి బలం అక్కర్లేదన్న మాట! మొదటి రోజే వాడు రెండో గుడ్డు తీసి నా కంచంలో వేయబోయాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "నీ ముష్టి గుడ్డు నాకెందుకురా" అని కంచం పక్కకు లాగాను. వాడు మళ్ళీ వేయలేదు. వేయనందుకు ఇంకా కోపం వచ్చింది. ఒక్కసారి వద్దంటే వద్దనేనా? రెండోసారి బతిమాలకూడదా?

ఆ వారమంతా ప్రాక్టీసులో వాడికి బంతులు జానెడు తక్కువ ఎత్తులో లేపాను. కావాలనే. ఇది ఎవరికీ తెలియదు, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు కూడా. మంచి లిఫ్టర్ చెడ్డ బంతి ఇస్తే ఆ సంగతి కనిపెట్టడం కష్టం. చూసేవాళ్ళకు అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కొట్టేవాడే వెధవలా కనిపిస్తాడు. వాడు కొట్టిన ప్రతి బంతీ వలలోకే పోయింది. గడ్డి తాళ్ళు పేనే ఆడవాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు. వాడు నా వైపు చూసి, "కొంచెం ఎత్తు లేపరా" అనేవాడు. "నువ్వే లేటుగా ఎగురుతున్నావ్" అనేవాణ్ణి. వాడు తల గోక్కుని మళ్ళీ ఎగిరేవాడు.

ఏడో రోజు సాయంత్రం తొమ్మిదో బంతి కూడా వలలో పడగానే, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" అని అందరూ వినేలా అన్నాను. వాడు వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. వాడి చెంప నాకు అందదు. అందుకని తలతో పొట్టలో పొడిచాను. ఇద్దరం వెనక్కి పోయి వల మీద పడ్డాం. ఒక కొయ్య విరిగింది. వల మా ఇద్దరికీ చుట్టుకుంది. ఇక కాలూ చెయ్యీ ఆడదు, కోపం మాత్రం దిగదు. సంచిలో వేసిన రెండు కోళ్ళలాగా అలాగే దొర్లుతూ ఒకళ్ళ చెవిలో ఒకళ్ళం తిట్టుకున్నాం. మాకు ఆట నేర్పే డ్రిల్ మాస్టారు చుట్టూ తిరుగుతూ ఈలలు వేశారు తప్ప దగ్గరికి రాలేదు. చివరికి ఆడవాళ్ళే వచ్చి ముళ్ళు విప్పి మమ్మల్ని బయటికి తీశారు.

మర్నాడు పొద్దున షెడ్డులో విచారణ. కాయ ఇంకా కోతకు రాలేదు కాబట్టి అందరికీ తీరికే. షావుకారు గారు బుట్టలు తూచే కాటా బల్ల మీద కూర్చున్నారు. ఆయనకు కుర్చీ కంటే అదే ఇష్టం. ఆయన కోపంగా ముందుకు ఊగినప్పుడల్లా పక్కన ముల్లు కూడా ఊగేది.

"జీతాలిచ్చి మేపుతున్న జట్టు ఇది. మనలో మనమే కొట్టుకుంటే చింతలపూడోళ్ళు నవ్వరూ? తప్పెవడిదో ఇయ్యాళ తేలాలి. తేలినోడు రేపట్నుంచి జట్టులో ఉండడు," అన్నారు.

నా మెడ మీద అప్పుడే బుట్ట బరువు తెలిసింది.

ముందు మాస్టారు లేచి, "వల వదులుగా ఉందండీ. వల బిగువుగా ఉంటే మనసులు కూడా బిగువుగా ఉంటాయండి," అన్నారు. ఆయన్నెవరూ ఏమీ అనలేదు, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయనే లేచారు. వంటావిడ, "దిష్టి తగిలిందండీ, ఉప్పూ మిరపకాయలూ తియ్యాల్సింది," అంది. గుడ్డు మాట ఆవిడ ఎత్తుతుందేమోనని నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎత్తలేదు. బుట్టలు సర్దే మేస్త్రీ మాత్రం తన విద్య బయటికి తీశాడు. "బుట్టలో ఒక కాయ పక్క కాయని కుళ్ళబెడితే తప్పు కాయది కాదండీ. మధ్యలో గడ్డి సరిగ్గా వెయ్యనోడిది. ఈళ్ళిద్దరి మధ్యా గడ్డి వెయ్యాల్సింది మాస్టారు." మాస్టారి ముఖం పాలిపోయింది. అలా నిందితులు ముగ్గురయ్యారు.

మధ్యాహ్నం దగ్గర పడుతున్నా ఏమీ తేలలేదు. ఎవరికి వారే కాదంటున్నాం. షావుకారు గారు విసుగెత్తి, "నోటితో అడిగితే ఎవడు నిజం చెప్తాడు? మన బేరం పద్ధతే మంచిది. దళారి గారిని పిలవండి," అన్నారు.

మా మామిడి బజారులో ధర నోటితో చెప్పరు. దళారి తన చేతి మీద తుండుగుడ్డ కప్పుకుంటాడు. కొనేవాడు గుడ్డ కింద చెయ్యి పెట్టి, ఆయన వేళ్ళు పట్టుకుని తన ధర చెబుతాడు. ఎవడెంత అన్నాడో ఆ ఇద్దరికే తెలుస్తుంది. దళారి గారు ఆ పనిలో తల నెరిసిన మనిషి. ముఖం చూసి ఏమీ కనిపెట్టలేం. ఆయన వచ్చి, సంగతి విని, ఇదేం బేరమని కూడా అడగలేదు. "సరుకేంటండీ?" అన్నారంతే.

"తప్పు," అన్నారు షావుకారు గారు. "మొత్తం తప్పు ఐదు వేళ్ళు. అందులో తనది ఎన్ని వేళ్ళో ఎవడికి వాడు గుడ్డ కింద చెప్పాలి. మూడూ కలిపితే ఐదు రావాలి. అప్పటిదాకా బేరం తెగదు."

మొదటి విడత ముగ్గురం వెళ్ళొచ్చాం. నేను పిడికిలి పెట్టాను. దళారి గారు గుడ్డ దులిపి, "మొత్తం సున్నా అండీ," అన్నారు. షావుకారు గారు ఊగారు, ముల్లూ ఊగింది. "అయితే నిన్న కొట్టుకుంది నేనూ మా ఆవిడా?" అన్నారు.

రెండో విడతలో దళారి గారు చాలాసేపు గుడ్డ వంక చూశారు. "మొత్తం సగం వేలండీ."

"సగం వేలేంటండీ?"

"ఒకరు వేలు మడిచి పెట్టారండి."

మాస్టారు నేల చూపులు చూస్తున్నారు, అందరికీ అర్థమైంది. మూడో విడతా అదే సగం. మాస్టారు గొంతు సవరించుకుని, "పోనీ గాలిదీ వలదీ కలిపి నాలుగున్నర వేళ్ళు రాసుకుంటేనో?" అన్నారు. షావుకారు గారు మండిపడ్డారు. "గాలికి జీతమిస్తున్నానా నేను, మానిపించడానికి? నేను అన్నానికి లేచేలోపు తెగాలి. లేదంటే ముగ్గురూ పొండి!"

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకు ఆ వయసులో ఇంకో పని దొరకదు. అప్పుడు నాకో బుద్ధి పుట్టింది. అది తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గుతో చచ్చిపోతాను. నేను నాలుగడుగులు ముందుకొచ్చి, అందరికీ వినబడేలా, "వాణ్ణేమీ అనకండి బాబూ. మాస్టారిని కూడా అనకండి. తప్పంతా నాదేనండీ," అన్నాను. గొంతు కూడా బాగా వణికించాను. వంటావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. చాట్రాయి వాడు నన్నే చూస్తూ నిలబడిపోయాడు.

నేననుకున్నట్టే షావుకారు గారు చెయ్యి ఊపారు. "నోటి మాట చెల్లదు. గుడ్డ కింద చెప్పు."

నోటి మాట చెల్లదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. మంచివాడిననే పేరు బయట, మిగతాది గుడ్డ కింద. దళారి గారి చేతిలో ఒక్క వేలు పెట్టాను. చిటికెన వేలు. ఆయన కళ్ళు ఒక్కసారి నా ముఖం మీద ఆగి, పక్కకు పోయాయి. తర్వాత మాస్టారు వెళ్ళారు. చివరికి వాడు వెళ్ళి, అంత పొడుగు మనిషీ వంగి గుడ్డ కింద చెయ్యి పెట్టాడు, వెంటనే తీసేశాడు.

దళారి గారు గుడ్డ తియ్యలేదు. మనసులోనే రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. "ఆరున్నర అండీ," అన్నారు.

"ఐదు వేళ్ళ సరుకుకి ఆరున్నరా?"

"నా సర్వీసులో ఎప్పుడూ చూళ్ళేదండీ. ఉన్న సరుకుకంటే ఒకటిన్నర వేలు ఎక్కువ పలికింది."

నా వేలు ఒకటి, మాస్టారిది సగం. మిగిలింది ఎంతో చిన్న పిల్లాడైనా చెబుతాడు. నేను షావుకారు గారి వంక చూశాను. ఇంత నిజాయితీ చూసి కరిగిపోతారనుకున్నాను. ఆయన వ్యాపారి. చేతులు దులుపుకుని లేచారు.

"ఇంకేం, బేరం తెగింది. ఎక్కువ పాడినోడిదే సరుకు. ఎవరండీ ఎక్కువ పాడింది?"

దళారి గారు వాణ్ణి చూపించారు. "మిగతా ఇద్దరికీ వాళ్ళ వేళ్ళు వాపసు," అని షావుకారు గారు భోజనానికి వెళ్ళిపోయారు. మాస్టారు నిజంగానే తన వేలు తడిమి చూసుకున్నారు. మేస్త్రీ నా భుజం చరిచి, బతికిపోయావన్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. నోరు తెరిచి నిజం చెప్పడానికి అప్పుడు కూడా టైముంది.

గదిలోకి వెళ్ళేసరికి వాడు చాప చుడుతున్నాడు. నా చొక్కా ఉతికి తీగ మీద వేసి ఉంది.

"ఐదెందుకన్నావురా?" అన్నాను.

వాడు చాప తాడు పళ్ళతో బిగించాడు. "మొదట్లో నువ్వే తక్కువ లేపుతున్నావేమో అనిపించింది. అందుకే పిడికిలి పెట్టా. నువ్వు అందరి ముందూ తప్పంతా నాదే అన్నాక సిగ్గేసిందిరా. గుడ్డ కింద నువ్వు ఐదంటావనుకున్నా. నేను నాలుగనడం ఏం బాగుంటుంది? నువ్వు ఒకటే అన్నావంటే నీది అంతే అయ్యుంటుందిలే."

చాట్రాయి బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. వాడు సంచీ భుజాన వేసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఊరెళ్ళి ఎగరడం సరిచేసుకుంటా. నువ్వయితే ఉన్నది ఉన్నట్టు చెప్తావ్. నిజంగా లేటుగానే ఎగురుతున్నానా?"

"కొంచెం," అన్నాను.

వాడు బుద్ధిగా తల ఊపి బస్సుకు వెళ్ళిపోయాడు.