పేర్ల చోట గళ్ళు

టైపిస్టు కుదురుగా కూర్చోలేడు. వేళ్ళు కీబోర్డు మీద ఉన్నా కింద కాలు ఆడుతూనే ఉంటుంది. టైపు చేసిన ప్రతి ఫైలుకూ రాసినవాళ్ళ పేరే తెలుగులో పెట్టడం అతని అలవాటు. నిన్న కంప్యూటర్లో కొత్త టైపింగ్ ఎడిటర్ వేసుకుంటే, దాని జాబితాకు తెలుగు ఫాంటు లేక ఆ పేర్లన్నీ ఖాళీ గళ్ళుగా కనిపించాయి. పాడైన ఫైళ్ళనుకుని పదింటిని శాశ్వతంగా డిలీట్ చేశాడు. పదకొండోది ఎందుకో తెరిచి చూస్తే లోపల రాత చెక్కుచెదరలేదు.

ఈ ఉదయం రిటైరైన నర్సు తన జ్ఞాపకాల ఫైలు కోసం వచ్చింది. చేతిరాత కాగితాలు ఆమె ఎప్పుడో పారేసింది. అతను ఒక్కో ఫైలూ తెరిచి మొదటి వాక్యం చదువుతున్నాడు.

"ఇదీ నాది కాదు. ఆ కాలు ఆపు నాయనా, బల్ల ఊగిపోతోంది."

ముప్పై ఏడోది చదివాడు. "వార్డులో మొదటిరోజు నా కాళ్ళకు చెప్పులు లేవు."

"నాదే."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "దొరికిందిగా అమ్మా, ఇక బయల్దేరండి."

ఆమె లేవలేదు. "ఇందాకటి నుంచి చెమటలు కక్కుతున్నావు. ఎవరివి పోగొట్టావు?"

"పది పోయాయి. ఎవరివో నాకే తెలీదు."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఉన్నవన్నీ చదువు, నీ రసీదు పుస్తకంలో ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ పోదాం. లేనివాళ్ళెవరో తేలుతుంది."

అతను ముప్పై ఎనిమిదోది తెరిచాడు.