పిన్ని కోసం మార్చిన కథానాయిక

మొన్న ఆదివారం మహదేవపురలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనవరాలు తాను చదువుతున్న ప్రేమ నవల గురించి చెబుతూ, అందులో కథానాయిక నల్లని పిల్ల అనీ, పోలియో వచ్చిన కాలితోనే ఆఫీసుకు వెళ్ళి వస్తుంటుందనీ, అదేమంత విశేషం కానట్టు చెప్పేసింది. దానికి కాకపోవచ్చు గాని, వారపత్రికల సీరియళ్ళ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన మన తరానికి విశేషం కాదూ! మన రోజుల్లో కథానాయిక అంటే పచ్చని ఛాయ, బారెడు జడ. కాలు సరిగా లేని పిల్ల ఉంటే గింటే కథానాయకుడి చెల్లెలై ఉండాలి, కథ సగానికి రాకముందే త్యాగం కూడా చేసెయ్యాలి.

అప్పట్లో మేము నగర్తపేటలో ఉండేవాళ్ళం. మధ్యాహ్నాలు మా వసారాలో అమ్మ, పిన్ని, పక్కింటి అత్త చీరలకు ఫాల్స్ కుట్టేవారు. ముగ్గురూ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది కన్నడం కాబట్టి, హిందూపురంలో అమ్మమ్మ దగ్గరుండి తెలుగు బడిలో చదివి వచ్చిన నేనే వాళ్ళకు సీరియల్ చదివి వినిపించాలి.

పిన్ని నలుపు, చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మా వీధిలోని గుండీల అంగడి ఆయన ఆమెను చేసుకుంటానని పెద్దల చేత అడిగించాడు. ఆయనంటే పిన్నికి ఇష్టమేనని, ఆయన మా గుమ్మం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆమె తప్పు కుట్టి విప్పుకునే కుట్లే చెప్పేవి. కానీ జాలిపడి అడుగుతున్నాడని, జాలి కాపురం తనకొద్దని ఒకటే పట్టు. ఉగాదిలోగా ఏ మాటా చెప్పకపోతే వేరే సంబంధం చూసుకుంటామని వాళ్ళు కబురు పెట్టారు.

నాకు పిన్నంటే ప్రాణం. ఆ వారం నుంచి సీరియల్లోని అమ్మాయిని నల్లగా మార్చేశాను, కాలు ఈడ్చి నడిపించాను, మా ఇంటి కోలారు యాసలోనే మాట్లాడించాను, కథానాయకుడి పొగడ్తలన్నీ ఆ నడకకే కట్టబెట్టాను. ఇది రాసినావిడ తప్పకుండా మన కోలారు వైపు మనిషేనని పక్కింటి అత్త తేల్చేసింది. పిన్ని మాత్రం తలెత్తకుండా కుట్టుకుంటూ వినేది. ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా, ఆయనకు సరేనని చెప్పమని అమ్మతో అంది. నా గొప్పతనానికి నేనే మురిసిపోయాను.

ఆమె పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒకసారి, ఆ పెళ్ళి నా చలవేనని చెప్పుకోబోతే పిన్ని పకపకా నవ్వింది.

“నాకు అప్పుడే తెలుసులేమ్మా. పత్రికలో బొమ్మ చూస్తిని, ఆ పిల్ల రైలు వెంబడి పరిగెత్తతా ఉండాది. ఈ పిల్ల నాకోసరం ఇంత కష్టపడి కత మారుస్తాండాది, ఇది జాలా, ఇష్టమా అని ఆలోచన చేస్తిని. నీది ఇష్టమైనప్పుడు ఆయప్పది మాత్రం జాలని ఎందుకు అనుకోవల్ల?”

ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఇప్పుడు అలాంటి పిల్లలు అచ్చులోనే కథానాయికలవుతున్నారు, ఎవరూ దొంగతనంగా మార్చి చదవనక్కర్లేదు, నాకెంతో సంతోషం. ఎవరి నవల వాళ్ళు ఫోనులో ఒంటరిగా చదువుకుంటున్నారు కూడాను. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూసుకుంటూ కథ చదివే పని మాత్రం ఇక ఎవరికీ లేకుండా పోయింది.