ఎర్తు వైరు పీకిన భద్రతాధికారి

గల్ఫులో, మెసయీద్‌లోని ఒక ఎరువుల కర్మాగారంలో కామేశ్వరరావు భద్రతాధికారి. తీగ మీద చిన్న చిరుగు కనిపించినా పని ఆపించేవాడు. పదమూడేళ్లుగా అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదంటే అందులో ఆయన చాదస్తానికీ వాటా ఉందని భార్య వసుంధర ఒప్పుకునేది. ఆ చాదస్తాన్ని ఆయన గుమ్మం దగ్గర చెప్పులతో పాటే విడిచి లోపలికి వస్తాడని ఆమెకు ఈ జూలైలోనే తెలిసింది.

ఆయన తాగుబోతు కాడు. మద్యం అనుమతి కార్డుతో కొన్న బీరు సీసాలు నెలల తరబడి ఫ్రిజ్‌లో కదలకుండా పడి ఉండేవి. ఆయనకు కావలసింది బీరు కాదు. "నేనే కాచాను" అని నలుగురి ముందు అనడం. అందుకోసం నలభై లీటర్ల స్టీలు గంగాళం కొన్నాడు. గ్యాసు పొయ్యి చాలదని, పాడైన గీజరులోంచి హీటరు కడ్డీ ఊడదీసి, గంగాళానికి చిల్లు పొడిచి బిగించాడు. వేడి చూపే డబ్బా ఒకటి గోడకు తగిలించి, తీగను ఏసీ ప్లగ్గుకు కలిపాడు. ఆ కార్డు కొనడానికే గానీ ఇంట్లో కాచడానికి కాదని, పట్టుబడితే ఉద్యోగమూ, ఈ దేశంలో ఉండే హక్కూ రెండూ పోతాయని వసుంధర మూడుసార్లు చెప్పింది.

"మన వంటింట్లోకి ఎవడొచ్చి చూస్తాడే?" అన్నాడాయన.

శుక్రవారం మధ్యాహ్నం బార్లీ కషాయం కుతకుతలాడుతోంది. పొంగుతోందేమోనని వసుంధర తడిచేత్తో గరిట పెట్టింది. మోచేతి దాకా ఎవరో కొట్టినట్లయి గరిట ఎగిరి అవతల పడింది. అదే క్షణంలో మదీనత్ ఖలీఫాలో వాళ్లు అద్దెకుంటున్న విల్లాలో అన్ని వాటాలకూ కరెంటు పోయింది.

రెండు నిమిషాల్లో కింది గదిలో ఉండే డ్రైవరు రామాంజులు తలుపు తట్టాడు. కడపవాడు, గల్ఫుకు రాకముందు కరెంటు పని చేసినవాడు.

"అమ్మా, ఏసీలన్నీ ఆగిపాయె. పైన ఏం పెట్టినారు?" అంటూనే గంగాళాన్ని చూశాడు. వంగి తీగ పట్టి చూశాడు. "ఎర్తు వైరు పీకేసినారే సార్!"

"మాటిమాటికీ ట్రిప్పవుతోందని తీశానయ్యా. కాసేపే కదా!"

"మా తమ్ముడూ ఆ మాటే అన్న్యాడు సార్, మీ ఫ్యాక్టరీలో వెల్డింగు మిషను కాడ. మీరే కదా వాణ్ణి పనిలోంచి తీసి గేటు బయట నిలబెట్టింది?"

కామేశ్వరరావు గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకు రామాంజులూ."

"నేనెందుకు చెప్తా సార్? వాసన మెట్లు దిగి అదే చెప్పుకుంటాంది."

వసుంధర ఎగిరిపడ్డ గరిట తీసి పక్కన పెట్టింది. ట్రిప్పు స్విచ్చు పనిచేయబట్టి తను బతికి ఉంది. అది హెచ్చరించినన్నిసార్లూ ఆయన దాని నోరు నొక్కబోయాడు. తెలియక చేసినవాణ్ణి ఆమె క్షమించగలదు. తెలియనివాళ్లకు పాఠాలు చెప్పే మనిషి ఈయన.

ఆమె ప్లగ్గు లాగేసింది. కషాయమంతా మోరీలో పారబోసింది. భర్త ఆఫీసు సంచిలోంచి, కర్మాగారంలో మరమ్మతుల వేళ ఎవరూ కరెంటు పెట్టకుండా ప్లగ్గు తలను బంధించే పసుపు డబ్బా తీసి, హీటరు ప్లగ్గును అందులో పెట్టి, ఆయన ఎర్ర తాళమే వేసింది. "వేసినవారు తప్ప ఎవరూ తీయరాదు" అన్న తాళపు చీటీ కింద తన పేరు రాసింది.

"వసూ, ఆ తాళంచెవి ఇలా ఇవ్వు."

"మీ కర్మాగారంలో ఇలా అడిగినవాణ్ణి ఏం చేస్తారండీ?"

చాచిన చేతిని కామేశ్వరరావు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. జవాబు ఆయనకు కంఠస్థం.