అలవాటా, బాకీనా?

ఎవరైనా ఉపవాసం ఉన్నారని తెలిస్తే "అలవాటా, బాకీనా?" అని అడగకుండా ఉండలేరు మా మామగారు హాజీ దెరమాన్. షాబాన్ నెల సగం దాటిందంటే మలేషియాలోని మా కెలంతాన్ పల్లెలో మగవాళ్ళు ఆయన కంటబడకుండా దొడ్డిదారిన పోయేవారు.

రంజాన్ ముందరి ఆ రెండు వారాలూ భక్తి కొత్తగా పుట్టుకొచ్చి ఉపవాసం ఉండకూడదని ఆయన పట్టు. ఏడాది పొడుగునా సోమ, గురువారాలు ఉండే అలవాటైనా ఉండాలి, నిరుటి రంజాన్‌లో తప్పినవి బాకీ అయినా ఉండాలి. రెండూ లేకపోతే టీకొట్టు బల్ల మీద ప్లేటు మీ ముందుకు జరుగుతుంది.

ఒకసారి ఇమాంగారినే పట్టుకున్నారు.

"అలవాటా, బాకీనా?"

"కడుపుబ్బరం, హాజీ."

"అయితే అల్లం టీ తాగండి" అని దగ్గరుండి తాగించారు.

ఆయన గురువారం ఉపవాసం మాత్రం కొండ కదిలినా కదలదు. నా పెళ్ళిలో ఊరందరికీ వడ్డించి, తాను మెతుకు ముట్టలేదు. ఆ సంగతి ఊరికి ఆయనే చెప్పుకున్నారు.

నిరుటి రంజాన్‌కి నేను బాలింతని, ఉపవాసాలు లేవు. ఆ బాకీలన్నీ తీరి ఒక్కటి మిగిలింది. దాన్ని తీర్చడానికి ఇక ఒక్క రోజే ఉంది; ఆ సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే రంజాన్. ఆ రోజు తెల్లవారుజామున, ఉపవాసం మొదలయ్యే ముందు, వంటింట్లో మామగారూ నేనూ ఎదురెదురుగా అన్నం తిన్నాం. ఆయన నన్నేమీ అడగలేదు.

మధ్యాహ్నం ఆయన అక్క మెక్ సోమ్ ఇంట్లో విందు. నా ముందు అన్నం, మేకమాంసం గులాయ్ కూర కుప్పపోసింది.

"ఏమ్మా, తినవేం? నా వంట నచ్చలేదా?"

ఉపవాసమంటే చాలు, "అలవాటా, బాకీనా?" అని ఊరంతా అందుకుంటుంది. అది మామగారు నేర్పిన పాఠమే. ఇంతమంది మగవాళ్ళ ముందు ఆ లెక్కలెలా విప్పను? తింటే బాకీ తీరదు. తల వంచుకున్నాను.

మామగారు చేయి చాచి నా పళ్ళెం లాక్కున్నారు.

"అక్కా, ఈ గులాయ్ వాసనకి ఆగలేకపోతున్నాను" అని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

విందంతా నోరు తెరుచుకుని చూసింది.

"ఏరా దెరమాన్, ఇవాళ గురువారం కదరా?"

"అలవాటుది మధ్యలో వదిలేయొచ్చక్కా. వండినవాళ్ళ మనసు నొస్తుందంటే వదిలేయడమే మంచిది."

మెక్ సోమ్ మురిసిపోయి ఆయనకింకో గరిటె వేసింది. నా సంగతే మరిచిపోయింది.

పొద్దు కుంకాక ఖర్జూరాలు నా ముందు పెట్టారు మామగారు.

"పాఠంలో మిగతా సగం విను, అమ్మాయ్. బాకీది వదలకూడదు."

ఆయన కోడలినని నాకెంత గర్వమో చెప్పలేను. ఇప్పటికీ టీకొట్టులో ఎవరో ఒకరు "ఏం హాజీ, అలవాటా, గులాయా?" అని ఏడిపిస్తారు.

"గులాయే" అంటారాయన, మీసం దువ్వుకుంటూ.