ఇంకో చుట్టు తిప్పను

మంగళవారం, మబ్బు. పట్టుపురుగులకు ఆకు వేసి, షెడ్డు పైకప్పుకు కొత్త ఫైబర్ షీట్లు బిగించడానికి ఎక్కాను. ఇనుపరేకులకు చేసినట్టే బోల్టు కిర్రుమనేదాకా తిప్పమన్నాడు కింద నిలబడ్డ మా బావ. మొదటి షీటు అలాగే బిగిస్తే రంధ్రం చుట్టూ తెల్లగా చీలింది. మిగిలినవాటికి సైకిల్ ట్యూబు ముక్కలు వేసి, వాషరు గట్టిగా ఆనగానే ఆపేశాను.

“లూజుగా ఉండాది గదప్పా! గాలికి లేచిపోతే పురుగులన్నీ సచ్చిపోతాయి. నువ్వు షీటు పట్టుకోని నిలబడతావా?”

“నిలబడతా బావా. ఇంకో చుట్టు మాత్రం తిప్పను.”

ఆయన అలిగి అన్నం తినకుండానే బట్లహళ్ళి బస్సెక్కాడు. మీరైతే తిప్పేవారా? చెప్పండి. ఇది రాస్తుంటే గాలి లేచింది. స్పానర్ నా జేబులోనే ఉంది, ఎవరికీ ఇవ్వను. వాన వచ్చేలోపు పెరట్లో ఆరేసిన బట్టలు తీయాలి.