కంప్యూటరు పడిపోయినప్పుడు చెప్పిన కథ

నిన్న మధ్యాహ్నం నా లాప్‌టాప్ నన్ను అడగకుండానే ఏవో మార్పులు చేసుకోవడం మొదలుపెట్టి, ఆపవద్దని ఒక ముక్క చూపించి, తెర మీద చుక్కల్ని గుండ్రంగా తిప్పుతూ కూర్చుంది. నేను అలవాటుకొద్దీ కుర్చీ వెనక్కి తిప్పాను. వెనక గోడ ఉంది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో కంప్యూటరు ఎంత పెంకిదో. బాగా పనిచేస్తూ చేస్తూ, ఏం కష్టం వచ్చిందో చెప్పకుండా తెరంతా నీలం చేసుకుని, తెల్లటి అక్షరాలతో మనల్నే తిట్టేది. సొంతూరు వదిలి వచ్చాక, బెంగుళూరు శివారు బొమ్మసంద్రలో బోల్టులు చేసే ఫ్యాక్టరీ ఆఫీసులో నా ఉద్యోగం, పక్కనే హెబ్బగోడిలో నా ఒంటి గది. ఆదివారం నేను మాట్లాడేది పాలవాడితో మాత్రమే, అదీ నాకొచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో. ఆఫీసుకంతటికీ నా బల్ల మీది ఒకటే కంప్యూటరు కావడంతో అది పడిపోతే అందరి పనీ ఆగిపోయేది. ఆపి మళ్ళీ వేస్తే, లోపలంతా బాగుందో లేదో తడిమి చూసుకుంటూ ఒక పసుపు గీత నత్తలాగా పాకేది. ఆ గీత అవతలి గట్టు చేరేదాకా కుర్చీలన్నీ నావైపు తిరిగేవి, నేను కథ చెప్పేవాణ్ణి. నా కథల్లో నిజం, సాంబారులో ఇంగువంత.

లెక్కలు చూసే అక్క పాత బెంగుళూరు మనిషి. పుట్టిల్లు దొడ్డబళ్ళాపురం, మగ్గాల ఇల్లు. తెర నీలం కాగానే ఆమె గొంతే ముందు వినబడేది.

“ఏమప్పా, నీ డబ్బా మళ్ళా నీలం చీర కట్టుకోనుండాదే! అంచు కూడా లేదు, ఏం నేతప్పా ఇది?”

ఒక ఆయుధపూజకు అక్క దానికి విభూతి పూసి, ముందు నిమ్మకాయ పెట్టి, లారీకి వేసినట్టు బారెడు చామంతి దండ వేసింది. దండ గాలి కంతలన్నీ మూసేయడంతో, హారతి ముగియకముందే యంత్రం ఉడికిపోయి నీలమైంది. అమ్మవారు పూనిందని అటెండరు చెంపలు వేసుకున్నాడు. ఆ రోజే నేను మా చిన్నాన్న ఎనుము కథ ఎత్తుకున్నాను. రేడియోలో వార్తలు వినిపిస్తే తప్ప పాలివ్వని ఆ గేదె, రేడియో పట్టుకుపోతున్న వాడి వెంటపడి బెంగుళూరు బస్సెక్కి, కిటికీ పక్క సీటు పట్టి, టికెట్టడిగిన కండక్టరును వార్తలు చదివేవాడనుకుని పాలు చేపింది. రోజుకింత సాగదీశాను. అది సిటీలో దారి తప్పేసరికి అక్క భోజనం డబ్బా మూత కూడా తీయకుండా వినేది.

కథ అక్కడుండగానే ఆఫీసులో కొత్త కంప్యూటరు పెట్టారు. అది పడిపోలేదు. మేనేజరు మిఠాయి పంచాడు. కుర్చీలు మళ్ళీ నావైపు తిరగలేదు. కథ చెప్పమని ఊరికే అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, పని మానుకుని వినమనడానికి నాకూ రాలేదు. అక్కకు నమస్కారం, నాకు నమస్కారం, అంతే.

ఆమె ఉద్యోగం ముగిసే రోజున, సన్మానం శాలువా భుజాన ఉండగానే నా బల్ల దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గోడ మీది స్విచ్చి టక్కున ఆపేసింది. తెర నల్లబడింది.

“కరెంటు పోయినట్టుండాది. బిరీన చెప్పప్పా, ఆ ఎనుము ఇల్లు చేరిందా, లేదా?”

ఇన్ని కోతలు కోసిన నాకు ఆ ఒక్కటీ తోచలేదు. నేను గొంతు సవరించుకునేలోపు అటెండరు పరుగున వచ్చి స్విచ్చి వేశాడు, కొత్త యంత్రం పసుపు గీత ఏదీ లేకుండా చిటికెలో లేచి కూర్చుంది. అక్క దానివైపు చూసి, “దీనికి సిగ్గు లేదు, చూడు” అని నవ్వి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ కలవలేదు.

ఇప్పటి యంత్రాలు దాదాపుగా పడిపోవు. పడినా తమంతట తామే లేచి దులుపుకుంటాయి. అందుకు సంతోషించాల్సిందే. కానీ అవి పడిపోయినప్పుడే మేం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళమని, వాటిని బాగుచేసిన వాళ్ళకెవరు చెబుతారు?

చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. గోడవైపు తిరిగి, ఇన్నేళ్ళకు తోచిన ముగింపు పైకే చెప్పాను. ఇల్లు చేరలేదక్కా. హెబ్బగోడిలో దిగి ఒక గది అద్దెకు తీసుకుంది. వచ్చే ఆదివారం ఊరికి పోదామనుకుంటూ అక్కడే ఉండిపోయింది.