బేసిక్‌లో వేసిన ముగ్గు

పెళ్లయి ఖానాపురం హవేలికి వచ్చిన కొత్తలో, కోడలు ఎంసీఏ చదివిందని అత్తమ్మ వాడంతా చెప్పుకుంది. ఇంట్లో నాకు పొద్దుపోవడం లేదని, ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటర్‌ను మా ఆయన ఇంటికి తెచ్చాడు. కంప్యూటర్ భాషల్లో నేను నేర్చుకున్నది జావా. దానికి ఆ డబ్బాలో మెమరీ చాలలేదు. డాస్ అనే పాతకాలపు సిస్టంతోపాటు అందులోనే ఉన్న బేసిక్ ఒక్కటే నడిచింది. బడిపిల్లల భాష అని కాలేజీలో మేం నవ్వుకున్నది దాన్నే. వేరే దారిలేక అందులోనే చుక్కలు, గీతలతో ఒక ముగ్గు వేశాను.

అత్తమ్మ మురిసిపోయి పక్కింటావిడను పిలుచుకొచ్చింది. "సూడు, మా కోడలు కంప్యూటర్ల ముగ్గేసింది!"

ఆవిడ ఆ నల్లటి తెరకేసి కాసేపు చూసింది. "గిదేంది వదినా, మనం రోజూ వాకిట్ల ఏసేదే గదా. గింతకేనా గంత సదువు?"

సిగ్గుతో తలెత్తలేకపోయాను. జావాలో అయితే ఏమేం చేయగలనో చెప్పబోయాను గానీ, చూపించడానికి ఏమీ లేదు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయాను.

"అవ్, గదే ముగ్గు. కాని గిది చెరిగిపోదు," అని అత్తమ్మ నా తరఫున వాదించడం లోపలికి వినిపించింది. ఆ మాటకు మరింత కుంచించుకుపోయాను. దాన్ని నేనింకా సేవ్ చేయనేలేదు. టీ గ్లాసులు వాళ్ల చేతికిచ్చి, ముందు ఆ పని చేశాను.